రక్తదాన క్యాంపు నడుపుతూ నాయకత్వం నేర్చుకోవడం ఎలా?

ఏటా ఫస్టియర్ క్లాసులు మొదలైన నెల రోజులకల్లా మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు నిలబడి ఉంటారు. "మేడమ్, లీడర్‌షిప్ స్కిల్స్ ఎలా వస్తాయి? ఇంటర్వ్యూల్లో అడుగుతారట కదా" అంటారు. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఏడేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా కూడా పనిచేశాను. వాళ్లకు నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. మీ ఒక్కరి వల్ల అయ్యేది కాని పని ఒకటి నెత్తిన వేసుకోండి. చెప్పిన తేదీకి, చెప్పినట్టుగా పూర్తి చేయండి. ఆ పని చెడితే ఎవరికో ఒకరికి నిజంగా ఇబ్బంది కలగాలి. అలాంటి పని ఒక్కటి చేసినవాళ్లకు వచ్చినంత ధైర్యం పది వర్క్‌షాపుల్లో కూర్చున్నా రావడం నేను చూడలేదు.

అలాంటి పనుల్లో నాకు బాగా తెలిసింది కాలేజీలో రక్తదాన శిబిరం. ఫోన్లో మాట్లాడటం, ఉత్తరం రాయడం, నలుగురిని కూడగట్టడం, డబ్బు లెక్క, గొడవ తీర్చడం, అన్నీ ఆ ఒక్క పనిలోనే ఎదురవుతాయి. మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెబుతాను, మీ కాలేజీకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక చోటు వెతుక్కోండి

ఒంటరిగా మొదలుపెడితే పర్మిషన్ దగ్గరే ఆగిపోతారు. అందుకే మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఉంటే ముందు అందులో చేరండి. 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 యూనివర్సిటీల్లో దాదాపు 40 వేల మంది విద్యార్థులతో ఇది మొదలైంది. చేరినవాళ్లు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జి మీదున్న కోణార్క్ రథచక్రానికి ఎనిమిది ఆకులు (కమ్మీలు) ఉంటాయి, రోజులోని 24 గంటలకు గుర్తుగా. బ్యాడ్జి పెట్టుకున్న పిల్లలు కాలేజీ ఆఫీసులోకి వెళితే అటెండర్ దగ్గర్నుంచి సూపరింటెండెంట్ దాకా "ఏం పనమ్మా?" అని అడుగుతారు. మొదట్లో ఆ మాత్రం ఆసరా చాలు.

ఎన్‌ఎస్‌ఎస్ లేకపోతే ఎన్‌సీసీ, రెడ్ రిబ్బన్ క్లబ్, హాస్టల్ మెస్ కమిటీ, ఏదీ లేకపోతే సీఆర్ (క్లాసు ప్రతినిధి) పని. మన డిగ్రీ కాలేజీల్లో చాలావాటిలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరగవు కాబట్టి, ఓట్లతో నెగ్గి నాయకులయ్యే అవకాశం కోసం ఎదురుచూడకండి. సీఆర్ పనిని చాలామంది చిన్నచూపు చూస్తారు. అరవై మందికి పరీక్ష ఫీజు గడువు సరిగ్గా చేరవేయగలిగితే, ఒక్కరు కూడా ఫైన్ కట్టకుండా చూడగలిగితే, అది చిన్న పనేం కాదు.

అవసరం ఏమిటో అడిగి తెలుసుకోండి

మన పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. ముందు తేదీ పెట్టేసుకుంటారు. అభిమాన హీరో పుట్టినరోజో, కాలేజీ డేనో. తర్వాత బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేస్తారు. అదే రోజు వాళ్లకు ఇంకో మూడు చోట్ల క్యాంపులుంటాయి. సేకరించిన రక్తం ఎన్నాళ్లయినా నిల్వ ఉండదు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే ఉంటాయి. మామూలు సంచిలో ఎర్ర రక్తకణాలు 35 రోజులు, ప్రత్యేక ద్రావణం కలిపితే 42 రోజులు ఉంటాయి. ఒకే వారం వందల యూనిట్లు వచ్చిపడి, తర్వాతి నెలలో ఒక్కటీ రాకపోతే ఏం లాభం? ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూతపడి, పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయాక కొరత ఎక్కువవుతుంది. తలసేమియా ఉన్న చిన్నపిల్లలకు మాత్రం ఎండాకాలమైనా వానాకాలమైనా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.

అందుకని మీ మొదటి పని ఒక ఫోన్ కాల్. ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకో, రెడ్‌క్రాస్ వాళ్లకో చేయండి. లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు అయితేనే క్యాంపు పెట్టాలి. దగ్గర్లో ఏవి ఉన్నాయో ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్లో కనిపిస్తుంది.

ఆ ఫోన్ చేయడానికే చాలామందికి చెమటలు పడతాయి. ఒక ఏడాది సెకండియర్ అమ్మాయికి ఈ పని అప్పజెప్పాను. క్లాసులో హాజరు పలకడం తప్ప నోరు విప్పని పిల్ల. మూడు రోజులైనా ఫోన్ చేయలేదు. అడిగితే కళ్లనిండా నీళ్లు. కోప్పడలేదు. నా పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పాల్సింది కాగితం మీద రాయమన్నాను. "నమస్తే అండి. నేను ఫలానా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్‌ని. మా దగ్గర రక్తదాన శిబిరం పెట్టాలనుకుంటున్నాం. మీకు ఏ నెలలో బాగా కొరతగా ఉంటుంది? ఒక రోజులో మీ టీమ్ ఎంతమంది దగ్గర తీసుకోగలదు? ఎన్ని మంచాలు తెస్తారు? రిఫ్రెష్‌మెంట్లు మీరు ఇస్తారా, మేం చూసుకోవాలా?" ఈ ఐదారు వాక్యాలు నాలుగు లైన్లలో రాసుకుంది. గొంతు వణుకుతూనే చదివింది. అవతలి ఆయన మర్యాదగా అన్నీ చెప్పారు. ఫోన్ పెట్టేశాక ఆ కాగితాన్ని మడిచి పెన్సిల్ బాక్సులో దాచుకుంది. తర్వాతి వారం టెంట్ హౌస్‌కు, మంచినీళ్ల క్యాన్ల వాళ్లకు తనే ఫోన్లు చేసింది, కాగితం లేకుండా. మీకూ భయంగా ఉంటే రాసుకుని చదవండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వచ్చిన సమాధానాలతో లెక్క వేయండి. నాలుగు మంచాలు తెస్తారనుకుందాం. రక్తం తీయడానికి పది నిమిషాల లోపే పట్టినా, పడుకోవడం, లేవడం, మంచం సర్దడం కలిపి మనిషికి పావుగంట అనుకోండి. గంటకు పదహారు మంది. నాలుగు గంటలకు అరవై నాలుగు మంది. కాబట్టి రెండొందల మందిని పోగేసి ఎండలో నిలబెట్టకండి. గంటకు పదహారు పేర్ల చొప్పున టైము ఇచ్చి పిలవండి.

జట్టు కట్టడం

ఆరుగురు చాలు. స్నేహితులనే తీసుకుంటే మీటింగులు సరదాగా ఉంటాయి, పని మాత్రం వెనకబడుతుంది. హాస్టల్ నుంచి ఒకరు, బస్సులో వచ్చే డే స్కాలర్లలో ఒకరు, వేరే గ్రూపు నుంచి ఒకరు ఉండేలా చూడండి. అమ్మాయిలు సగమైనా ఉండాలి. లేకపోతే అమ్మాయిలకు వచ్చే సందేహాలు మీ దాకా రానే రావు. ఇంగ్లీష్ మీడియం, తెలుగు మీడియం అని విడివిడిగా కూర్చునే కాలేజీల్లో ఇద్దరినీ కలపడం ఇంకా ముఖ్యం.

పని పంచేటప్పుడు మనిషిని చూసి పంచండి. ఊరంతా తెలిసినవాడికి టెంటు, కుర్చీలు. చేతిరాత బాగున్నవాళ్లకు రిజిస్టరు. పైసా పైసా లెక్క చూసుకునేవాళ్లకు డబ్బు. ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. "మీరిద్దరూ చూసుకోండి" అంటే, వాడు చేస్తాడని వీడు, వీడు చేస్తాడని వాడు, చివరికి ఎవరూ చేయరు. ఒకసారి పని అప్పజెప్పాక రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి "అయిందా? అయిందా?" అని ప్రాణం తీయకండి. మధ్యలో ఏ రోజు చూసుకుంటారో ముందే చెప్పి, ఆ రోజే అడగండి.

మీటింగ్ ఇరవై నిమిషాలు దాటకూడదు. నిలబడే పెట్టుకోండి. ఒకరు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి రాయాలి: పని, ఎవరు, ఎప్పటికి. "చూద్దాం", "ట్రై చేస్తా" అనే మాటలు మూడో గడిలో రాయనివ్వకండి. తేదీ రాయాలి. మీటింగ్ అయిన వెంటనే ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ముందుగా మీ పేరు మీద ఉన్న పనే పూర్తి కావాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ పనే పెండింగులో ఉంటే ఇంకొకరిని అడిగే నోరు రాదు.

పర్మిషన్ లెటర్

ప్రిన్సిపాల్‌కు రాసే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ హాలు, ఏ బ్లడ్ బ్యాంకు, ఎంతమంది వస్తారు, కాలేజీ నుంచి మీకేం కావాలి. ఇంతే. రక్తదానం గొప్పతనం గురించి పేరా అవసరం లేదు, ఆయనకు తెలుసు. ప్రోగ్రాం ఆఫీసర్ సంతకం పెట్టించి, రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకుని మీ ఫైల్లో పెట్టుకోండి. నెల రోజుల తర్వాత "మాకెవరూ చెప్పలేదే" అనే మాట వస్తే గొంతు పెంచాల్సిన పని లేకుండా ఆ కాపీ చూపించొచ్చు. కరెంటు ఉన్న హాలు అడగండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో ముందు రోజే వేసి చూడండి.

ఒప్పించడం, బలవంతం చేయకపోవడం

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. క్లాసు క్లాసుకూ వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడాలి. లెక్చరర్‌ను అంతకుముందు రోజే అడిగి టైము తీసుకోండి. ఉపన్యాసం వద్దు. రక్తం ఎవరికి వెళుతుందో ఒక్క మాట, ఎవరు ఇవ్వొచ్చో రెండు మాటలు, తర్వాత "మీ భయాలేంటో అడగండి" అని ఆగిపోండి. ఆ ఆగడం కష్టం. పది సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఆగితే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు మొదలుపెడతారు. "అక్కా, నీరసం వస్తుందంట కదా?" "సన్నగా ఉన్నాను, ఇవ్వొచ్చా?" "ఇంట్లో తెలిస్తే తిడతారు."

జవాబులు సరిగ్గా తెలుసుకుని వెళ్లండి. వయసు 18 నిండాలి. ఇంటర్ పిల్లలు ఉత్సాహంగా వచ్చినా వద్దనాలి. బరువు కనీసం 45 కిలోలు ఉండాలి, అప్పుడు 350 మిల్లీలీటర్లు తీస్తారు. 450 తీయాలంటే 55 కిలోలు దాటాలి. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు ఏడాది నిండేదాకా, రాత్రంతా నిద్రలేనివాళ్లు ఆ రోజుకు ఆగాలి. తీసిన ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. మీకు తెలియనిది అడిగితే "డాక్టర్‌ గారిని అడిగి రేపు చెబుతాను" అనండి, మర్నాడు వెళ్లి చెప్పండి కూడా. వెళ్లి చెప్పారంటే ఆ క్లాసు మిమ్మల్ని నమ్ముతుంది.

అటెండెన్స్ ఇప్పిస్తాం, ఇంటర్నల్ మార్కులు వేయిస్తాం లాంటి ఆశలు పెట్టకండి. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి మన దేశంలో సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి నుంచి నిషేధం. దాని వెనక ఒక కారణం ఉంది: ఏదో లాభం కోసం వచ్చేవాళ్లు తమకున్న జబ్బులు దాచిపెడతారు, ఆ దాచిన నిజం రోగి ఒంట్లోకి వెళుతుంది. మార్కుల ఆశ కూడా అలాగే పనిచేస్తుంది. ఇంకో మాట. ఇవ్వనన్నవాళ్లను, డాక్టర్ వెనక్కి పంపినవాళ్లను "ఎందుకురా?" అని నలుగురిలో అడగకండి. కారణం వాళ్ల సొంత విషయం. జట్టులో ఎవరైనా వెటకారం చేస్తే ఆపాల్సింది మీరే, అక్కడికక్కడే.

క్యాంపు రోజు

ఒక ఏడాది మా క్యాంపులో జరిగింది చెబుతాను. ఉదయం 8 గంటలకే మొదలుపెట్టాం. ఎండ ముదరకముందే అయిపోతుందని మా ఆలోచన. మొదటి గంటలోనే ఒక అబ్బాయి మంచం దిగి నాలుగడుగులు వేసి కుప్పకూలాడు. కాసేపటికి ఇంకొకడు కళ్లు తిరుగుతున్నాయని కూర్చుండిపోయాడు. ఇద్దరూ హాస్టల్ పిల్లలే. హాస్టల్లో టిఫిన్ 8:30కి పెడతారు. ఆ సంగతి మా ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలను మంచం ఎక్కించాం. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాక ఇద్దరూ కోలుకున్నారు, కానీ ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాతి ఏడాది నుంచి పదింటికి మొదలుపెట్టాం. రిజిస్టరులో పేరు రాసేముందు "ఏం తిన్నావ్?" అని అడగడం పద్ధతిగా పెట్టుకున్నాం. తినకపోతే పక్క బల్ల మీద ఇడ్లీ తినిపించి, ఆ తర్వాతే పంపేవాళ్లం.

మీరూ ముందు రోజు సాయంత్రం, రక్తం ఇవ్వబోయే ఒక పిల్లవాడు పొద్దున నిద్రలేచినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా ఏమేం చేస్తాడో ఒక్కొక్కటే రాయండి. ఎక్కడ తింటాడు? ఏ బస్సు దిగుతాడు? బ్యాగు ఎక్కడ పెడతాడు? ఇచ్చాక పది పదిహేను నిమిషాలు ఎక్కడ కూర్చుంటాడు? మధ్యాహ్నం ల్యాబు ఉంటే ఎలా? రాస్తుంటే మీరు మరిచిపోయినవి వాటంతటవే బయటపడతాయి.

ఆ రోజు మీరు ఏ బల్ల దగ్గరా కూర్చోకండి. తిరుగుతూ ఉండండి. అతిథుల వెంట ఫొటోల కోసం వెళ్లకండి. విశ్రాంతి తీసుకునే కుర్చీల దగ్గరే ఎక్కువసేపు ఉండండి, మనుషులు పడిపోయేది అక్కడే.

లెక్కలు, గొడవలు

వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి రూపాయి అదే నోట్‌బుక్‌లో. బిల్లులు వెనక పిన్ను కొట్టండి. మూడో రోజుకల్లా లెక్క నోటీసు బోర్డు మీద ఉండాలి. మేం ఒకసారి 3,850 రూపాయలు పోగుచేసి 3,710 ఖర్చు పెట్టాం. మిగిలిన 140 సంగతి కూడా రాశాం, ఎన్‌ఎస్‌ఎస్ ఫస్ట్ ఎయిడ్ డబ్బాకు దూది, బ్యాండేజీలు కొన్నామని. ఎవరూ అడగలేదు. అడగకముందే రాశాం కాబట్టి.

గొడవ మాత్రం తప్పదు. మా దగ్గర ఫ్లెక్సీ మీద వచ్చింది. ఇద్దరు అబ్బాయిలు తమ ఫొటోలు పెద్దవిగా వేయించారు. మిగిలిన నలుగురూ పనులు వదిలేసి వెళ్లిపోయారు. క్యాంపు ఇంకా మూడు రోజులే. అప్పుడు టీమ్ లీడర్ ఒక మంచి పని చేశాడు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పంచాయితీ పెట్టలేదు. ముందు ఒక్కొక్కరితో విడిగా, క్యాంటీన్లో టీ తాగుతూ మాట్లాడాడు. "తప్పు ఎవరిది?" అనలేదు. "ఏం జరిగిందో చెప్పు" అన్నాడు, చెప్పిందంతా విన్నాడు. తర్వాతే అందర్నీ పిలిచి కొత్త ఫ్లెక్సీ పెట్టించాడు. దాని మీద ఎవరి మొహమూ లేదు. తేదీ, చోటు, టైము, "తిని రండి" అనే మాట, అంతే. ఫొటో వేయించుకున్న ఇద్దరి చేతే దాన్ని కట్టించాడు.

తర్వాత ఏం చేయాలి

వారంలోపు బ్లడ్ బ్యాంకు నుంచి సర్టిఫికెట్లు తెచ్చి, ఇచ్చినవాళ్ల చేతికే అందించండి. ఫోన్ నంబర్లున్న రిజిస్టరును ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి, అది ప్రోగ్రాం ఆఫీసర్ దగ్గరే ఉండాలి. మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో తేదీ లెక్కగట్టి ఎవరిది వాళ్లకు మెసేజ్ పెట్టండి.

తర్వాత బ్లడ్ బ్యాంకు వాళ్లను పేర్లు లేకుండా అంకెలు మాత్రం అడగండి. ఎంతమంది ఇచ్చారు, ఎంతమందిని ఎందుకు వెనక్కి పంపారు. కాగితం చూసి ఫోన్ చేసిన ఆ అమ్మాయి అడిగి తెచ్చిన చీటీలో "హిమోగ్లోబిన్ తక్కువ: 23" అని ఉంది. ఆ సంఖ్య దగ్గరే ఆగిపోయింది. "మేడమ్, ఇరవై ముగ్గురా? వీళ్లలో మనమ్మాయిలే ఎక్కువ ఉంటారు" అంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ సంగతి పాఠంలో చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మా కాలేజీ క్యాంపు చీటీలో కనిపించేసరికి అది వాళ్ల పక్కన కూర్చునే పిల్లల సంగతి అయింది. తనే ఉత్తరం రాసి, రెండు కాపీలు తీసుకుని, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. తర్వాతి నెలలో అమ్మాయిలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించింది, తక్కువున్నవాళ్లకు ఐరన్ మాత్రలు ఇప్పించింది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు.

ఫైనలియర్‌లోకి వచ్చాక నోట్‌బుక్, ఫైలు, ఫోన్ నంబర్ల చీటీ సెకండియర్ పిల్లలకు ఇచ్చేయండి. చివరి పేజీలో మీరు చేసిన పొరపాట్లు రాసి ఇవ్వండి, మా నోట్‌బుక్‌లో మొదటి లైను "హాస్టల్ టిఫిన్ 8:30" అని ఉంటుంది. వాళ్ల మొదటి మీటింగ్‌కు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. అడిగితేనే చెప్పండి. మీరు చేసినట్టు కాకుండా ఇంకోలా చేస్తామంటే చేయనివ్వండి.